వేపకు జన్యుమార్పిడా? తట్టుకున్న చెట్టు విత్తనమా?

మల్కాజ్‌గిరిలో మా వీధి మొదట్లోని వేపచెట్టు వానాకాలం చివర్లో కొమ్మల కొసల నుంచి మాడిపోతూ వచ్చింది. 2021లో తెలంగాణ అంతటా వేపలు ఇలాగే ఎండినప్పుడు మా అమ్మ ఎంత దిగులుపడిందో! ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. కానీ తెగులు మళ్లీ కనిపించేసరికి మా అబ్బాయి అడిగాడు: "జన్యువు మార్చి తెగులు రాని వేపను తయారుచేయలేరా నాన్నా?"

హవాయిలో బొప్పాయికి అలాగే చేశారు. రింగ్‌స్పాట్ వైరస్ తోటలను తినేస్తుంటే, ఆ వైరస్ జన్యువునే బొప్పాయిలో చేర్చి 1998లో రైతులకు విత్తనమిచ్చారు. తోటలు బతికాయి. అది మంచి పనే అంటాను. బొప్పాయి నాలుగేళ్ల పంట, తేడా వస్తే కొట్టేసి వేరే విత్తనం వేసుకోవచ్చు.

వేప అలా కాదు. మన మనవళ్ల తర్వాత కూడా ఉంటుంది. దాని పండును మైనాలు, కోయిలలు తిని గింజను ఎక్కడెక్కడో రాలుస్తాయి. ఒకసారి వదిలిన జన్యువును వెనక్కి పిలవలేం.

అమెరికాలో చెస్ట్‌నట్ చెట్ల సంగతి చూడండి. ఆ చెట్లను చంపే శిలీంధ్రం వదిలే ఆక్సాలిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే గోధుమ జన్యువును వాటిలో చేర్చి, ఏళ్ల తరబడి పరీక్షించారు. తీరా 2023లో తెలిసిందేమిటంటే, వాళ్లు పరీక్షిస్తున్నది అనుకున్న రకం కాదు. జన్యువు వేరే చోట కూర్చుంది. చెట్ల ఎదుగుదల, తెగులును తట్టుకోవడం అనుకున్నట్టు లేవని చెప్పి, అండగా ఉన్న ఫౌండేషన్ డిసెంబరులో తప్పుకుంది. అంత జాగ్రత్తగా చేసినవాళ్లకే ఇలా జరిగితే నాకు టెన్షనే.

అందుకే వేపకైతే తట్టుకున్న చెట్ల విత్తనమే మేలంటాను. నెమ్మదైన దారే, ఆ మొక్కలన్నీ తెగులును తట్టుకుంటాయన్న హామీ కూడా లేదు. అయినా పక్కనున్నవి మాడినా పచ్చగా నిలిచిన చెట్టులో ఏదో బలం ఉండి ఉండాలి. అది మన నేలలో పెరిగిన బలం.

మా గుడి ముందు అలాంటి వేప ఒకటుంది. జూన్‌లో పండ్లు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే నాటాలి. ఆలస్యమైతే వేపగింజ మొలవదు. ఈసారి సంచులు, మట్టి ముందే సిద్ధం చేస్తున్నాం.