పాత సైడ్ బాక్స్: రంగు నిలిచింది, రేకు వంగింది

మెకానిక్ షెడ్డులో పనిముట్లు పెట్టుకునే చక్రాల సొరుగుల పెట్టె టూల్ ట్రాలీ, దాని పక్కన తగిలించే సైడ్ బాక్స్ ఇది. పాత సామాన్ల కొట్టులో కొని, రంగు వేయించి వాడుతున్నది. సొరుగులెన్ని, తాళం ఎలాంటిది అన్నవి ఎవరైనా చూసుకునే కొంటారు, వదిలేస్తున్నా. నా కోపమంతా దాన్ని బిగించే పద్ధతి మీదే.

బాక్సు వీపున నాలుగు రంధ్రాలుంటాయి. వాటికి ఎదురుగా ట్రాలీ పక్క రేకులో బెజ్జాలు వేసి నాలుగు ఎం8 (8 మి.మీ. లావు) బోల్టులు బిగిస్తే పని అయిపోయిందని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ రేకు 20 గేజ్, మిల్లీమీటరు మందం కూడా ఉండదు. బాక్సేమో ఖాళీగానే పాతిక కిలోలు, సాకెట్లూ పుల్లర్లూ నింపితే అరవై దాటుతుంది. ఆ బరువంతా పక్కన గాల్లో వేలాడుతుంది కాబట్టి పై బోల్టులు రేకును బయటికి లాగుతాయి, బాక్సు కింది అంచు లోపలికి నెడుతుంది.

కొత్తలో ఏమీ తెలియదు. కొన్ని నెలలు పోయాక ట్రాలీ కింది సొరుగు సగం దాకా వచ్చి పట్టేస్తుంది. సొరుగు జారే పట్టాలో, అంటే స్లైడ్‌లో, గోలీలు అరిగాయనుకుని గ్రీజు పెడతారు, స్లైడ్ మార్చేస్తారు. మళ్లీ అదే తంతు. బాల్ బేరింగ్ స్లైడ్‌కు ఒక్కో పక్క ఉండే చోటు అరంగుళమే, 12.7 మి.మీ. రేకు రెండు మిల్లీమీటర్లు లోపలికొచ్చినా స్లైడ్ బిగుసుకుంటుంది. సొరుగులు తీసేసి లోపలి నుంచి స్టీలు స్కేలు నిలువుగా ఆనించి చూడండి. పై బోల్టుల దగ్గర సందు, కింద ఉబ్బు కనిపిస్తే స్లైడ్‌ను తిట్టి లాభం లేదు.

దీనికి మందు 40×5 ఎం.ఎస్. ఫ్లాట్, అంటే 40 మి.మీ. వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న మైల్డ్ స్టీలు పట్టీ. పై బోల్టులకు లోపలి వైపున, ముందు మూల నుంచి వెనక మూల దాకా ఒకే ముక్క పెట్టాలి, రెండు స్లైడ్‌ల మధ్య ఖాళీలో పడేలా. బోల్టు తల లోపల, నట్టు బాక్సు వైపు ఉండాలి. ఫ్లాట్ 5, బటన్ హెడ్ బోల్టు గుండ్రటి తల 4.4, మొత్తం 9.4 మి.మీ., సొరుగు రాసుకోకుండా పోతుంది. నైలాక్ నట్టు (వదులవకుండా నైలాన్ రింగు ఉండేది) లోపలికి పెడితే దానికే 8 పోతుంది, సొరుగు తగిలి ఆగుతుంది. కింద మాత్రం ఫ్లాట్ బయట, రేకుకూ బాక్సుకూ మధ్య ఉండాలి. అప్పుడు నెట్టుడు రేకు నడుమన పడకుండా మూలలకు పోతుంది. పైన కూడా అంతే మందం పట్టీ వేయకపోతే బాక్సు ట్రాలీ వైపు ఒరుగుతుంది.

బాక్సు కింద ఐదో చక్రం పెడితే సరిపోదా అని అడుగుతారు. గచ్చు సమంగా ఉంటే సరిపోతుంది. ట్రాలీ చక్రాలు గుంతలో దిగితే బరువంతా ఆ ఒక్కదాని మీద పడి, బోల్టులు రేకును చీలుస్తాయి.

రంగు సంగతి తేలిక. పాత పౌడర్ కోటింగ్ గట్టిగా ఉంటే గీకక్కర్లేదు, 320 ఎమరీ పేపరుతో నీళ్లు పోసి మెరుపు పోయేదాకా రుద్దితే చాలు. తుప్పున్న చోట 80తో ఇనుము కనబడాలి. పైన ఎపాక్సీ ప్రైమర్, ఆపైన 2కె పీయూ, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పాలీయురేథేన్ రంగు. చవకని రెడాక్సైడ్ ప్రైమర్ కొడితే పీయూ థిన్నర్ తగలగానే ముడతలు పడొచ్చు. గ్రీజు, సిలికాన్ మరకలు రుద్దకముందే, గుడ్డ మారుస్తూ తుడవాలి. రుద్దాక తుడిస్తే మరక ఎమరీ గీతల్లో దిగి, రంగు అక్కడక్కడా గుండ్రంగా విడిపోతుంది. హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, మొహానికి రుమాలు కట్టుకుంటే ఆగదు. బోల్టు రంధ్రాల చుట్టూ అంగుళం మేర మాస్కింగ్ టేపు వేసి ప్రైమర్‌తోనే ఆపాలి. వాషర్ కింద మందంగా రంగుంటే అది నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది.

రంగు నిలిచిందన్నది పక్కల మాట. సొరుగు అంచుల్లో పానాలు తగిలి రాలింది. పై పలక మీద బ్రేక్ ఫ్లూయిడ్ పడి వెంటనే తుడవని చోట మెత్తబడి ఊడింది, ఇప్పుడక్కడ రబ్బరు మ్యాట్ ఉంది.

మా షెడ్డులో ట్రాలీ గోడవారన కదలకుండా ఉంటుంది, కాబట్టి నాకు గిట్టుబాటే. రోజూ కార్ల మధ్య తోసుకు తిరిగేవాళ్లకు చెప్పలేను. వాళ్లు కనీసం బరువు సామాను బాక్సు కింది సొరుగుల్లో సర్దుకుని, నెలకోసారి పై బోల్టులకు 5 నంబరు ఎల్-కీ పెట్టి చూసుకోవాలి.