జబ్బుల కాలంలో ఎవరి మాట: సర్కారు బులెటినా, వీధి ఆశమ్మా?

కరోనా నాటి నుంచి తిరుపతిలో చాలా ఇళ్లలో ఈ తర్జనభర్జన వింటున్నా. ఆశమ్మ అంటే మన వీధికి వచ్చే ఆశా ఆరోగ్య కార్యకర్త.

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: బులెటిన్ ఫోన్‌లోకే వస్తుంది. అందులో జిల్లా లెక్క ఉంటుంది, మన వీధి ఉండదు. ఆశమ్మ వచ్చేదాకా ఆగాలి. వస్తే మాత్రం గడప దగ్గరే నిలబడి మాట్లాడుతుంది. ఇంట్లో అవ్వకు షుగరుందని కూడా ఆమెకు తెలుసు.

నమ్మకం చెడే తీరు: అసలు తేడా ఇక్కడే. 2021 మే 10 రాత్రి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. పోయినవాళ్లు ఇంకా ఎక్కువేనని బంధువులు పట్టుబట్టారు. ఒక్క అంకె మీద అనుమానం పడితే, తర్వాత చెప్పే నిజం కూడా చెవికెక్కదు. నన్ను బాధపెట్టేది అదే. ఆశమ్మ తప్పు చెబితే మర్నాడు నిలదీసి అడగొచ్చు. బులెటిన్ తప్పయితే ఎవరిని అడుగుతాం?

అయితే ఆమెకూ పైనుంచి వచ్చే సమాచారమే ఆధారం. అది ఆలస్యమైతే ఆమె మాటా పాతబడుతుంది.

ఇంట్లో జ్వరం, గర్భిణి, టీకా అంటే భయం ఉంటే ఆశమ్మ మాటే ముందు. ప్రయాణాలు, పెళ్లిళ్లు, మూసివేతల సంగతైతే అధికారిక ప్రకటనే చూడాలి. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆపినప్పుడు అది చూడకుండా బయల్దేరినవాళ్లకు దారి ఖర్చే మిగిలేది. ఊపిరాడకపోతే ఎవరి మాట కోసమూ ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.