స్పీడ్ టెస్టులో 94 వస్తోంది, కాల్‌లో తోడి గాంధారం రావట్లేదు: మా ఇంటి ఫైబర్ కనెక్షన్ గురించి

విజయనగరంలో అయ్యకోనేరు చుట్టుపక్కల ఈమధ్య ఇంటింటికీ పాంప్లెట్లు పంచుతున్నారు. వంద ఎంబీపీఎస్ ఫైబర్, నెలకి 500, జీఎస్టీ కలిపి 590, పైగా ఓటీటీలు ఫ్రీ. అలాంటి కనెక్షనే మా ఇంట్లో ఉంది. తీసుకోవచ్చా అని ఇరుగుపొరుగువాళ్లు, నా శిష్యుల తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. అందరికీ నోటితో చెప్పేకంటే రాసి పెట్టడం మేలనిపించింది. కంపెనీ పేరు మాత్రం రాయను. నా అప్పీలు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది.

ముందు నాకు నెట్ ఎందుకో చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. నేను వయొలిన్ నేర్పుతాను. మన మహారాజా సంగీత కళాశాల 1919లో పెట్టింది. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన చోటు. అక్కడ చదువుకున్నవాళ్లం ఈ ఊళ్లో చాలామందిమి ఇప్పటికీ పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాం. కరోనా తర్వాత నా పాఠాల్లో సగం జూమ్‌లోకి వెళ్లిపోయాయి. తెల్లవారుజామున అమెరికా పిల్లలు, సాయంత్రం హైదరాబాద్, బెంగళూరు పిల్లలు. నాకు నెట్ అంటే సినిమాలు చూసుకోడానికి కాదు, అది నా తరగతి గది.

మంచి సంగతులు ముందు చెప్పేస్తాను. కనెక్షన్ ఇచ్చే పద్ధతి చాలా బాగుంది. ఫోన్ చేసిన మర్నాడే కేబుల్ కుర్రాడు వచ్చి స్తంభం నుంచి డ్రాప్ వైరు లాగి, జాయింటు వేసి, పొద్దు వాలకముందే నెట్ ఇచ్చేశాడు. పనితనం ఉన్న కుర్రాడు. గాలివానకి వైరు తెగి బాక్సు మీద ఎర్ర లైటు వెలిగితే ఫోన్ చేసిన పూటకే వస్తాడు. "ఏటండీ మాస్టారూ, మళ్లీ లాస్ లైటేనా?" అంటూ నిచ్చెన వేసేస్తాడు. కరెంటు పోయినా బాక్సుకి చిన్న యూపీఎస్ తగిలిస్తే నెట్ ఆగదు. డౌన్‌లోడ్లు, యూట్యూబ్, సీరియళ్లు ఏ వంకా లేకుండా నడుస్తాయి. మా ఇంట్లోవాళ్లని అడిగితే దీనికి ఐదు నక్షత్రాలు ఇస్తారు.

నా గదిలోకి వస్తే సంగతి వేరు.

తెల్లవారుజామున క్లాసులు బాగానే జరుగుతాయి. సాయంత్రం ఏడు దాటిందా, అవతలి పిల్ల వాయించేది ముక్కలు ముక్కలుగా వినపడుతుంది. మాట అయితే ఓ ముక్క పోయినా మన బుర్ర పూరించుకుంటుంది. సంగీతానికి ఆ వెసులుబాటు లేదు. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ', నిలకడగా ఉండే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి. ఆ ఊపులోనే రాగం ఉంది. మధ్యలో డేటా పోయిందంటే ఊపు పోయి రెండు మూడు మెట్లుగా వినిపిస్తుంది. అది పిల్ల వేలు తప్పా, వైరు తప్పా నాకు తెలియదు. ఓ సాయంత్రం బాగా వాయించే పిల్లని పదేపదే ఆపాల్సి వచ్చింది. "కరెక్టుగానే వాయిస్తున్నా కదా మాస్టారూ" అంది. వాళ్లమ్మ తమ ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. విన్నాను. తోడి తోడిలాగే ఉంది. ఇక్కడికి వచ్చేసరికి విరిగిపోతోంది.

దాంతో నా చేతనైన పరీక్షలన్నీ చేశాను. ఆ సమయంలోనే స్పీడ్ టెస్ట్ పెడితే 94 చూపించింది. వీడియో కాల్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు, కాబట్టి వేగం తక్కువై కాదు. అసలు స్పీడ్ టెస్టు సర్వరు చాలాసార్లు కంపెనీ నెట్‌వర్క్ లోపలే ఉంటుంది, ఆ అంకె వాళ్ల పెరట్లో వేగమే చెబుతుంది. ఫోన్ డేటాతో హాట్‌స్పాట్ పెడితే క్లాసు హాయిగా జరిగింది. తర్వాత మళ్లీ మా ఇంటి వైరు మీదికే వచ్చి వీపీఎన్ ఆన్ చేశాను. అంటే లోపల వెళ్లేది వీడియో కాలా, సినిమానా అన్నది కంపెనీకి కనపడకుండా చేశానన్నమాట. గాంధారం ఊగింది. వీపీఎన్ తీశాను. మళ్లీ మెట్లు.

ఒక్క దీంతోనే కంపెనీని దోషి అనడం న్యాయం కాదు. వీపీఎన్ పెడితే డేటా వెళ్లే దారి కూడా మారుతుంది, పాత దారిలో రద్దీ ఉంటే అలా కూడా బాగుపడొచ్చు. అలాగే ఓటీటీ ఆగకుండా నడిచి కాల్ తెగిందని వెంటనే పక్షపాతం అనకూడదు. పెద్ద ఓటీటీలు, యూట్యూబ్ తమ వీడియోల కాపీలు మనకి దగ్గర్లోని సర్వర్లలో పెట్టుకుంటాయి, అవి ఎక్కడినుంచో రానక్కర్లేదు. 2017 నవంబరులో నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్‌లో వెళ్లే దేన్నైనా కంపెనీ సమానంగా చూడాలన్న సూత్రం మీద ఇచ్చిన సిఫార్సుల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ ఏర్పాటుని నిబంధనల పరిధిలోకి తీసుకురాలేదు. నా ప్రశ్న ఓటీటీ ఎందుకు బాగుందని కాదు. నా కాల్ ఎందుకు బాగులేదని.

జవాబు కస్టమర్ కేర్ నుంచే వచ్చింది. లైన్లో ఉన్నమ్మాయి మర్యాదగానే చెప్పింది. "సర్, మీది ఎంటర్‌టైన్‌మెంట్ ప్లాన్ అండి. వీడియో కాల్స్ స్మూత్‌గా రావాలంటే మీటింగ్ ప్యాక్ యాడ్ చేసుకోవాలి." నెలకి ఇంకో 120, జీఎస్టీ అదనం. కాసేపటికి అదే మాట మెసేజ్‌గా కూడా వచ్చింది. ఆ మెసేజ్ దాచుకున్నాను.

దానితో నా అనుమానం కోపంగా మారింది. నేను కొన్నది వంద ఎంబీపీఎస్. అందులో సినిమా చూస్తానా, తోడి నేర్పుతానా అన్నది నా ఇష్టం. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి విడిగా డబ్బులంటూ ప్రకటించి, జనం గోల పెట్టేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది మార్చిలో ట్రాయ్ ఒక చర్చాపత్రం పెట్టింది, 118 పేజీలు, 20 ప్రశ్నలు. దేశం మొత్తం మీద పది లక్షలకి పైగా మెయిళ్లు వెళ్లాయి. మా మేనల్లుడు పక్కన కూర్చుని నాచేత కూడా ఒకటి పెట్టించాడు. ఆ ఏడాది చివర్లో ఫ్రీ బేసిక్స్ అంటూ ఫేస్‌బుక్ పేపర్లలో పేజీలకి పేజీలు ప్రకటనలు వేసింది. కొన్ని సైట్లు ఉచితం, మిగతావాటికి డబ్బులు. పేదవాడికి ఉచితంగా ఇస్తుంటే మీకేం నొప్పని మా వీధిలో కూడా అడిగారు. ఏ సైట్లు ఉచితమో ఎవరు తేలుస్తారు? నొప్పంతా అక్కడే. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది: చూసే విషయాన్నిబట్టి డేటాకి వేరువేరు రేట్లు పెట్టకూడదు. పెడితే రోజుకి 50,000 చొప్పున, 50 లక్షల దాకా జరిమానా. 2018లో కంపెనీల లైసెన్సు షరతుల్లోనే రాశారు: దేన్నీ ఆపకూడదు, నెమ్మది చేయకూడదు, దేనికీ ప్రత్యేకంగా వేగం ఇవ్వకూడదు. రద్దీని అదుపు చేసుకోడానికి తగిన మేరకు వెసులుబాటు ఉంది, కాదనను. కానీ డబ్బులిస్తే పోయే రద్దీ రద్దీ కాదు.

అమెరికాలో ఇలాంటి నియమాలు 2015లో పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. మన దగ్గర నిలిచి ఉన్నాయి. కస్టమర్ కేర్‌లో పనిచేసే అమ్మాయికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు.

ఇక రెండో సంగతి. నాకు దీని ముందు మొదటిది చిన్నదే.

మా శిష్యురాలి అన్నయ్య ఊరి విషయాలు రాసే చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాడు. కోనేరులో గుర్రపుడెక్క, పూడిపోయిన కాలువలు, వీధిలైట్లు, ఇలాంటివి. జీతం లేదు, ప్రకటనలు లేవు. ఒకసారి కరెంటు స్తంభాలకి వేలాడే కేబుల్ వైర్ల మీద ఫొటోలతో రాశాడు. సైకిల్ మీద వెళ్లే బడిపిల్లల మెడ ఎత్తుకి వైరు దిగిన ఫొటో అందులో ఉంది. నాకు లింకు పంపాడు. మా ఇంట్లో తెరుచుకోలేదు. సైటే పోయిందేమో అనుకున్నాను. ఫోన్ డేటా మీద చూస్తే తెరుచుకుంది. పక్క వీధిలో వేరే కంపెనీ నెట్ ఉన్నవాళ్లింట్లో కూడా తెరుచుకుంది. మా కంపెనీ లైనున్న ఇంకో రెండిళ్లలో తెరుచుకోలేదు.

మేనల్లుడికి ఫోన్ చేస్తే డీఎన్‌ఎస్ మార్చి చూడమన్నాడు. మనం సైటు పేరు కొట్టగానే దాని అసలు చిరునామా అంకెల్లో వెతికిపెట్టే ఏర్పాటు అది, మామూలుగా కంపెనీదే ఉంటుంది. రూటరు సెట్టింగుల్లోకి వెళ్లి 8.8.8.8 అని గూగుల్‌ది పెట్టాను. సైటు తెరుచుకుంది. అంటే వైరు బాగానే ఉంది, సైటు బాగానే ఉంది. కంపెనీని చిరునామా అడిగితే చెప్పట్లేదు, అంతే.

ప్రభుత్వం ఆపిందేమో అని కూడా ఆలోచించాను. ఐటీ చట్టం 69ఏ కింద ఆదేశమిచ్చి సైట్లు ఆపించే అధికారం కేంద్రానికి ఉంది, దానికి 2009 నాటి నిబంధనలున్నాయి. అలాంటి ఆదేశం వస్తే అన్ని కంపెనీలూ ఆపాలి, మా కంపెనీ ఒక్కటే కాదు. పైగా ఆ ఆదేశాలు గోప్యంగా ఉంచాలని ఆ నిబంధనల్లోనే ఉంది. నన్ను భయపెట్టింది అదే. ప్రభుత్వం ఆపినా, కంపెనీ ఆపినా, ఏదో మెషీను పాడైనా చూసేవాడికి ఒకేలా ఉంటుంది. పేజీ రాదు, అంతే. ఎవర్ని అడగాలో కూడా తెలియదు. రాసినవాడికి తన మాట కొన్ని వందల ఇళ్లకి చేరట్లేదన్న సంగతే తెలియదు. ఆ అబ్బాయికి నేను చెప్పేదాకా తెలియదు.

కేబుల్ వైర్ల మీద రాసినందుకే ఆపారని నేను అనను, నా దగ్గర రుజువు లేదు. కాదని చూపించాల్సింది కంపెనీ. ఇలాంటివి జరగవని మాత్రం ఎవరూ నాతో చెప్పొద్దు. 2005లో కెనడాలో టెలస్ అనే కంపెనీ తన ఉద్యోగులు సమ్మెలో ఉండగా, సమ్మెని సమర్థించే వెబ్‌సైటుని తన ఖాతాదారులకి అందకుండా చేసింది. అదే సర్వరు మీదున్న, ఏ సంబంధమూ లేని వందల సైట్లు కూడా దాంతోపాటు ఆగిపోయాయి. ఆపగల చెయ్యి ఉన్నప్పుడు అది ఎప్పుడు కదిలిందో, ఎందుకు కదిలిందో కాగితం మీద ఉండాలి. నేను అడిగేది అదొక్కటే.

కేబుల్ కుర్రాడిని అడిగితే పాపం బాధపడ్డాడు. "అది మా చేతిలో ఉండదు మాస్టారూ, అంతా పైనుంచే" అన్నాడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఈ ఊళ్లో కనెక్షన్ తీసుకునేవాళ్లు కోపం వస్తే అతని మీద చూపిస్తారు, అది సరి కాదు. అతను వైరు లాగుతాడు, సైట్లు ఆపడు.

కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్లకి డీఎన్‌ఎస్ మార్చకుండానే ఆ సైటు తెరుచుకోవడం మొదలైంది. మంచిదే. కారణం మాత్రం చెప్పలేదు. "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది, ఫిర్యాదు మూసేశారు. ఏ సమస్య? ఎవరు తెచ్చిపెట్టారు? మీటింగ్ ప్యాక్ సంగతి అసలు ఎత్తనే లేదు. అందుకే అప్పీలుకి వెళ్లాను. ఈ దారి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మొదట కంపెనీ కంప్లయింట్ సెంటర్‌లో పెట్టి డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోవాలి. నంబరు లేకపోతే ఫిర్యాదు లేనట్టే. తృప్తి కలగకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు అథారిటీ ఉంటుంది, దానికి డబ్బులేం కట్టక్కర్లేదు. వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి, సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు ద్వారా పెట్టొచ్చు. ట్రాయ్ విడివిడి మనుషుల ఫిర్యాదులు తీసుకోదు, అక్కడికి రాసి ఎదురుచూడకండి.

తీసుకోవాలా వద్దా అన్నదానికి నా మాట ఇది. సాయంత్రాలు సీరియళ్లు, సినిమాలు, పిల్లల డౌన్‌లోడ్లు మాత్రమే అయితే ఈ ధరకి ఈ ఊళ్లో ఇంత చురుగ్గా వచ్చి బాగుచేసే సర్వీసు అరుదు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు, కోచింగ్ వినే పిల్లలున్నవాళ్లు ఇప్పుడే తీసుకోకండి. తీసుకున్నా ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టకండి, నెలనెలా కట్టే ప్లానే అడగండి. కట్టేముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "వీడియో కాల్స్‌కి వేరే ప్యాక్ ఉందా?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఉందంటే మెసేజ్ పెట్టమనండి. అది మీ దగ్గర ఉండాలి.

ఐదుకి రెండు ఇస్తున్నాను. ఆ రెండూ కేబుల్ కుర్రాడికే. సాయంత్రం క్లాసులు ప్రస్తుతం ఫోన్ డేటా మీద చెబుతున్నాను. మీటింగ్ ప్యాక్ తీసుకోలేదు, తీసుకోను. అప్పీలుకి జవాబు కాగితం మీద వస్తే కంపెనీ పేరుతో సహా ఇక్కడే కలుపుతాను.