వెనక బెంచీ మీద ఎవరు కూర్చుంటే మేలు: ఎంఈఓనా, హెచ్‌ఎంనా, పక్క బడి టీచరా?

మా మండలంలో ఆకస్మిక తనిఖీ పేరుకే ఆకస్మికం. ఎంఈఓ (మండల విద్యాధికారి) సార్ బండి మొదటి బడి గేటు దాటేలోపే మిగతా బడుల్లో ఫోన్లు మోగుతాయి. ఆ పావుగంటలో టీచింగ్ డైరీలో నిన్నటి పేజీ నిండుతుంది, బీరువాలో పడున్న టీఎల్‌ఎం (చార్టుల్లాంటి బోధన సామగ్రి) గోడకెక్కుతుంది, చురుకైన పిల్లలు ముందు వరసలోకి వస్తారు. నేనూ అలా జరిపి కూర్చోబెట్టినదాన్నే. తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణముండే పల్లెల్లో ఇరవై రెండేళ్లుగా ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా, పనిచేస్తున్నాను. నా క్లాసు చూసి సంతకం పెట్టి వెళ్లినవాళ్లు చాలామంది. చూశాక నా పాఠం మారేలా చేసినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరి టీచరు పాఠం చూసి సాయపడటానికి ఎవరు మేలు, టీచరు పనిని మూల్యాంకనం చేయడానికి ఎవరు మేలు?

ముందు ఎంఈఓ సంగతి. ఆయన్ని తీసిపారెయ్యను. మా బడిలో ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న పోస్టుకు పక్క ఊరి నుంచి టీచర్ని సర్దుబాటు చేయించింది ఒక ఎంఈఓ సారే. పుస్తకాలు చాలకపోయినా, బాత్‌రూమ్ తలుపు ఊడినా గట్టిగా అడగగలిగేది ఆయనే. కానీ పాఠం చూడటం వేరే పని. లెక్క వేయండి: మండలంలో 150 మంది టీచర్లు అనుకుందాం. ఒక్కొక్కరి పాఠం ఏడాదికి రెండుసార్లు, ముందూ వెనకా కాసేపు మాట్లాడి మరీ చూడాలంటే 300 పూటలు. రోజుకు రెండు పూటలూ దానికే పెట్టినా 150 రోజులు ఇంకో పని ముట్టుకోకూడదు. బడి నడిచేదే ఏడాదికి సుమారు 220 రోజులు. 2022లో మండలానికి రెండో ఎంఈఓ పోస్టు ఇచ్చారు, మంచిదే. మరి మీటింగులు, టెలీకాన్ఫరెన్సులు, రిపోర్టులు కూడా ఆ ఇద్దరివే కదా.

అందుకే తనిఖీ రిజిస్టర్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 1862లో ఇంగ్లండ్‌లో ఒక పద్ధతి పెట్టారు: ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాడి చేత చదివించి, రాయించి, లెక్కలు చేయించి, ఎంతమంది పాసైతే అంత గ్రాంటు. ఐవార్లు వాచకాన్ని బట్టీ పట్టించడం మొదలుపెట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ రిజల్ట్ గ్రాంట్లు నడిచాయి. మన తిరుపతి, చిత్తూరు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఇన్‌స్పెక్షన్ అన్న మాటకు మన గుండె దడదడలాడటం వెనక అంత పాత కథ ఉంది.

ఇంకో సంగతి నన్ను చాలా ఆలోచనలో పడేసింది. మన రాష్ట్రంలోనే పల్లె బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగమది, ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. పిల్లలకు పరీక్ష పెట్టి ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రిపోర్టు ఇచ్చారు, అప్పుడప్పుడూ క్లాసు చూసి వెళ్లారు. చూసినప్పుడు టీచర్లు మామూలుకన్నా హుషారుగా చెప్పారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ బడుల పిల్లలకూ, ఇవేవీ లేని బడుల పిల్లలకూ తేడా రాలేదు. చూసేవాళ్లు ఉన్నంతసేపే ఆ హుషారు. బీరువాలో టీఎల్‌ఎం పెట్టుకున్న నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక హెచ్‌ఎం. బిడ్డల సంగతి ఆయనకు తెలిసినంతగా ఎంఈఓకు తెలియదు. బడి తెరిచిన కొత్తలో తోతాపురి కోతలుంటాయి. అమ్మానాన్నలతో తోటలకు పోయి పదిరోజులు రాని పిల్లల మార్కులు చూపించి, 'నీ క్లాసెందుకమ్మా వెనకబడింది?' అని మా హెచ్‌ఎం సార్ అడగరు. బయటివాళ్లు అడుగుతారు. మూల్యాంకనం చేసేవాళ్లకు ఈ మాత్రం తెలిసి ఉండటం చిన్న విషయం కాదు. రెండు చిక్కులున్నాయి. ప్రాథమిక బడిలో హెచ్‌ఎం అంటే చాలాచోట్ల సీనియర్ టీచరే. ఆయనకూ రెండు క్లాసులు, పైన మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఎక్కించాల్సిన ఫోటోలు. రెండోది మొహమాటం. రోజూ ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకునేవాళ్లు ఒకరి గురించి ఒకరు 'బాగుంది' తప్ప ఏం రాస్తారు? ఎక్కడైనా మనస్పర్ధలుంటే ఆ 'బాగుంది' కూడా ఉండదు.

మూడోది పక్క బడి టీచరు. రెండేళ్ల కిందట మా స్కూల్ కాంప్లెక్సులోని (చుట్టుపక్కల బడులన్నీ కలిపిన గుంపు అది) ఒక టీచరక్క నా మూడో తరగతి లెక్కల పీరియడ్‌కు వచ్చింది. వస్తూనే, 'ఏం చూడమంటావు?' అంది. అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు. 'తీసివేత అర్థమవుతోందో లేదో చూడక్కా' అన్నాను.

బోర్డు మీద 52లోంచి 27 తీసేశాను, అప్పు తెచ్చుకోవడం చూపించాను. 'అర్థమైందా?' అంటే 'అయింది మేడమ్' అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. పాఠం బ్రహ్మాండంగా నడిచిందనుకున్నా. అక్క చేతిలో ఒక తెల్లకాగితముంది. దాని మీద మా క్లాసు పటం గీసుకుంది, ఒక్కో బిడ్డకు ఒక సున్నా. నేనెవరినైనా ప్రశ్న అడిగితే ఆ సున్నాలో ఒక గీత. మొత్తం 14 ప్రశ్నలు, అందులో 11 ముందు రెండు వరసలకే. కిటికీ పక్కనున్న ఆరు సున్నాలు ఖాళీ. 'ఈ పాప పలక చూస్తివా?' అంది అక్క. చూస్తే 35 అని ఉంది. 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలని ఆ పాప బాగానే నేర్చుకుంది, పైన ఉన్నదేదో కింద ఉన్నదేదో పట్టించుకోలేదు. కిటికీ వైపు ఆరుగురిలో నలుగురిదీ ఇదే లెక్క. మర్నాడు పదేసి పుల్లల కట్టలు ముందేసుకుని, అప్పు తేవడమంటే కట్ట విప్పడమని మళ్లీ మొదటినుంచి చెప్పాను.

ఇదే 35ను ఎంఈఓ సార్ చూసుంటే తనిఖీ రిజిస్టర్లో 'కనీస సామర్థ్యాలు లేవు' అని ఒక వాక్యం పడేది. మెమో భయంతో నేను ఆ పాపను ఇంకా వెనక్కి జరిపేదాన్నేమో.

బడులు కలిసి ఒకరికొకరు సాయపడాలన్నది కొత్త ఆలోచన కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషనే స్కూల్ కాంప్లెక్సులు పెట్టమంది. 1980లలో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకంలో టీచర్లు కలుసుకునే టీచర్ సెంటర్లుండేవి, మా సీనియర్లు ఇప్పటికీ వాటిని తలుచుకుంటారు. ఇప్పటి కాంప్లెక్స్ మీటింగుల్లో సర్క్యులర్లు చదివేసరికే సగం పూట అయిపోతుంది. పైగా ఏకోపాధ్యాయ బడి టీచరు పక్క బడికి వెళ్తే ఈ బడి ఎవరు చూస్తారు? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాంప్లెక్సుకొక సీఆర్‌ఎంటీ (బడి బడికీ తిరిగే టీచరు) ఉన్నది ఇలాంటి రోజున క్లాసు పట్టుకోవడానికి కదా, ఆయన్ని డేటా ఎంట్రీ నుంచి వదిలిపెడితే.

యాప్‌లో టిక్కులు పెట్టే అబ్జర్వేషన్ ఫారాల గురించి ఎక్కువ చెప్పను. ఆ సున్నాల కాగితం ఏ యాప్‌లోనూ పట్టదు.

ఇంతకీ ఏది మేలు? పాఠం చూసి సాయపడటానికి పక్క బడి టీచరే, అనుమానం లేదు. ఆ కాగితం మా ఇద్దరి మధ్యే ఉండాలి, ఫైల్లోకి పోకూడదు. పోతుందంటే మరుసటిసారి అక్కను కూడా ముందు వరస పక్కనే కూర్చోబెడతాను. మూల్యాంకనానికి హెచ్‌ఎం, ఆయనతో పాటు కాంప్లెక్సులోని ఇంకో హెచ్‌ఎం. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ సుమారు 3000 మంది టీచర్లతో చేయించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: ఒకరే ఇంకో పాఠం చూడటం కన్నా, ఇంకో మనిషి చూస్తే టీచరుకు వేసిన మార్కులు ఎక్కువ నమ్మదగినవిగా వచ్చాయి. క్యారియర్ల మొహమాటానికీ అదే మందు. ఎంఈఓ సార్ రిజిస్టర్ల బదులు ఖాళీ పోస్టులు చూస్తే చాలు, నమస్కారం పెడతాను.

వచ్చే బుధవారం రెండో పీరియడ్‌కు అక్క క్లాసులో నేను కూర్చుంటున్నాను. ప్రశ్న అడిగాక టీచరు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకనేనని అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ ఎప్పుడో లెక్కగట్టారని అక్కకు చెప్పాను, మూడు సెకన్లు ఆగితే మూల కూర్చున్న పిల్లలు కూడా నోరు విప్పుతారట. 'నేనెంతసేపు ఆగుతానో గడియారం పెట్టి చూడు, తక్కువైతే అందరి ముందు చెప్పబాక' అంది.