బెంగళూరు గోడ మీద న్యూ డాన్ తీగ గులాబీ: కొన్నేళ్లు పెంచాక

న్యూ డాన్‌ది చలిదేశాల్లో పెద్ద పేరు. 1931లో అమెరికాలో ఇచ్చిన మొట్టమొదటి మొక్కల పేటెంటు దీనిదే. అక్కడ మంచుకు చావకుండా అంటుముడిని, అంటే వేరే గులాబీ వేరు మీద దీన్ని అంటుకట్టిన చోటిని, మట్టిలోపలికి పాతుతారు. బెంగళూరులో ఆ బెంగ లేదు. బతికించడం తేలిక, పూయించడమే కష్టం. ఆ పద్ధతి చూసి ఇక్కడా ముడి పాతితే వానాకాలంలో కుళ్లుతుంది. ముడి నేలకు రెండంగుళాల పైనే ఉండాలి.

రెండడుగుల గుంట, ఎర్రమట్టి, అందులో మూడోవంతు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి. కుండీలో మాత్రం వద్దు.

పదిహేనడుగులు అవలీలగా పోతుంది. నిటారుగా వదిలేస్తే పూలన్నీ కొసనే, అంటే పక్కింటి మేడవాళ్లకే. కొసమొగ్గ కింది కళ్లను, అంటే రెమ్మ మొలిచే చోట్లను, లేవనివ్వదు మరి. కొమ్మను వంచి అడ్డంగా కడితే కణుపు కణుపుకీ రెమ్మ లేస్తుంది, పూలు ఆ రెమ్మల మీదే. గోడకు నాలుగంగుళాల ఎడంగా, అడుగున్నరకో వరుస జీఐ తీగ (జింకు పూసిన ఇనుప తీగ) లాగండి. కొమ్మ పెన్సిలంత లావున్నప్పుడే కొంచెం కొంచెంగా వంచాలి, ముదిరితే మొదలు దగ్గర చీలుతుంది. కట్టడానికి పాత బనీను పీలికలే మేలు. ముళ్లు కొక్కేల్లా పట్టుకుంటాయి, తోలు గ్లౌజులు తప్పవు.

ఇక్కడ చలికి ఆకు రాల్చి నిద్రపోదు కాబట్టి ఆ విశ్రాంతి మనమే ఇవ్వాలి. అక్టోబరులో వానలు తగ్గాక వారంపాటు నీళ్లు తగ్గించి, పక్క రెమ్మలను రెండు మూడు కళ్లకు కోసి, ముసలి ఆకులు తుంచేయాలి. పెద్ద కొమ్మల జోలికి పోవద్దు. మాలీకి వదిలేస్తే మామూలు గులాబీలా అడుగెత్తుకు నరికేస్తాడు, కట్టిన కొమ్మలన్నీ పోయి మళ్లీ మొదటికొస్తుంది. కోసిన చోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయకపోతే కొమ్మ పైనుంచి ఎండుతూ రావచ్చు.

బోరు నీళ్లు పోసేచోట లేతాకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, ఆకుకు ఇనుము అందట్లేదని. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందు) పిచికారీతో తేరుకుంటుంది. మార్చి ఎండల్లో ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్న పురుగు) వస్తుంది, పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్లు కొట్టాలి.

పూవు లేత గులాబీ రంగు, ఎండకు వెలిసిపోతుంది. వాసన అంతంతే, రేకులు తొందరగా రాలతాయి, జడకు పనికిరాదు. గోడ నిండడానికైతే దీన్నే పెడతాను.

ముడి కిందనుంచి లేచే పిలకల మీద కన్నుండాలి, అవి న్యూ డాన్‌వి కావు, అడుగు వేరు మొక్కవి. ఒక్కో ఆకులోని చిట్టి ఆకులు లెక్కపెట్టి పోల్చుకోలేం, దీని ఆకుకూ తరచు ఏడేసి ఉంటాయి. మట్టి తీసి, ఎక్కడ పుట్టిందో చూసి, కొయ్యకుండా వేరు దగ్గరే పీకేయాలి.