టల్సా, ఓకీమా: వుడీ గత్రీ డాక్యుమెంటరీ ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ మీద వచ్చిన డాక్యుమెంటరీలు ఇంట్లో కూర్చునీ చూడొచ్చు. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా వెళ్లి చూస్తే మాత్రం రాత్రి తెరమీద కనిపించిన చేతిరాత కాగితం పొద్దున్నే అద్దం వెనక కళ్లెదుట ఉంటుంది. ఆయన పుట్టిన ఊరు ఓకీమా అక్కడికి గంట పైచిలుకు దూరమే. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు రెండు రోజుల్లో అయిపోయే ప్రయాణం. వరస ముఖ్యం: ముందు సినిమా, మర్నాడు మ్యూజియం (టల్సాలోని వుడీ గత్రీ సెంటర్), తిరుగుదారిలో ఓకీమా. మ్యూజియంతో మొదలుపెడితే పాంపా (ఆయన కొన్నాళ్లున్న టెక్సస్ ఊరు), గ్రేస్టోన్ (జబ్బుతో ఉన్న ఆస్పత్రి) లాంటి పేర్లు వట్టి లేబుళ్లుగా మిగిలిపోతాయి. వాటి వెనక కథ తెలిసేది సినిమాలోనే.

డాలస్ నుంచి టల్సా సుమారు 260 మైళ్లు. అటోకా మీదుగా మెకాలెస్టర్ వెళ్లి, అక్కడ ఇండియన్ నేషన్ టర్న్‌పైక్ ఎక్కి హెన్రియెట్టా దాకా, ఆపైన యూఎస్ 75. టోల్ నగదుగా కట్టే పని లేదు. టెక్సస్ టోల్‌ట్యాగ్ అక్కడా చెల్లుతుంది. ట్యాగ్ లేకపోతే నంబరు ప్లేటు ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు, అది ఎక్కువ పడుతుంది. అద్దె కారైతే ఆ బిల్లుకు కంపెనీవాళ్ల సర్వీసు చార్జీ కూడా తోడవుతుంది, తాళాలు తీసుకునేటప్పుడే అడిగి తేల్చుకోండి.

ఇక ఎక్కడ చూడాలన్నది. సర్కిల్ సినిమా 1928లో తెరిచిన హాలు, టల్సాలో నిలిచి ఉన్న సినిమాహాళ్లలో అన్నిటికన్నా పాతది. ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. డౌన్‌టౌన్‌కు తూర్పున లూయిస్ అవెన్యూ మీద ఉంటుంది, రాత్రి ఆటకు కారు ఉండాల్సిందే. గాయకుడు బాబ్ డిలన్ పేరిట ఉన్న మ్యూజియం, బాబ్ డిలన్ సెంటర్‌లోని ప్రదర్శన గది చిన్నది, సుమారు 55 సీట్లు. ఆట తర్వాత దర్శకుడితో మాటామంతీ ఉంటే ఈ గదిలోనే బాగుంటుంది, వెనక వరస నుంచి అడిగిన ప్రశ్న కూడా అందరికీ వినబడుతుంది. సీట్లు తక్కువ కాబట్టి టికెట్ ముందే కొనాలి. ఏ నెల ఎక్కడ ఏం వేస్తారన్నది మారుతూ ఉంటుంది. ఆట తేదీ ఖాయమయ్యాకే హోటల్ బుక్ చేయండి.

గత్రీ సినిమాలకు బొమ్మకంటే శబ్దం ముఖ్యం. ఆయన కదులుతూ కనిపించే ఫిల్ము బహు తక్కువ. అందుకే ఎవరు తీసినా ఫొటోలు, ఉత్తరాలు, ఇంటర్వ్యూలతోనే నెట్టుకొస్తారు. భారమంతా మోసేది 1940లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ చేసిన రికార్డింగులు, అదే ఏడాది వచ్చిన డస్ట్ బౌల్ (1930ల దుమ్ము తుపాన్ల) పాటలు. అవి డిస్కుల మీద చేసిన మోనో రికార్డింగులు, వెనకాల సన్నని గరగర ఉంటుంది. గొంతేమో పల్చన, ముక్కుతో పలికే యాస. హాల్లో వాల్యూమ్ పెంచేకొద్దీ గరగరే చెవులకు తగులుతుంది తప్ప మాట తేటపడదు. పాత మోనో సాధారణంగా తెర వెనక మధ్య స్పీకరులోంచి వస్తుంది కాబట్టి హాలు మధ్యలో, నడిమి వరసల్లో కూర్చోండి. పక్క గోడ దగ్గర సీటు తీసుకుంటే సగం మాటలు పోతాయి. ఆ యాస అలవాటు లేని పెద్దవాళ్లు వెంట ఉంటే కౌంటర్‌లో క్యాప్షన్ పరికరం అడగండి. కప్పు పెట్టుకునే చోట బిగించుకునేది ఇస్తారు. చిన్న డాక్యుమెంటరీలకు చాలాసార్లు క్యాప్షన్ ఫైలే ఉండదు, అప్పుడు పరికరం ఉండీ ఉపయోగం లేదు. టికెట్ కొనకముందే కనుక్కోవడం మేలు.

సినిమా మంచిదో కాదో తేల్చడానికి రెండు చోట్ల చూడాలి. మొదటిది 1911. వుడీ పుట్టడానికి ఏడాది ముందు, ఓకీమా దగ్గర నార్త్ కెనేడియన్ నది వంతెన మీద లారా నెల్సన్ అనే నల్లజాతి స్త్రీనీ ఆమె కొడుకునీ మూక ఉరి తీసింది. ఆ మూకలో తన తండ్రీ ఉన్నాడని వుడీయే చెప్పాడు, దాని మీద పాటలూ రాశాడు. ఇది ఎత్తని సినిమా ఆయన్ని పిల్లల పాటల తాతగా మార్చేసినట్టే. రెండోది చివరి పదిహేనేళ్లు. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ వ్యాధి, గ్రేస్టోన్ ఆస్పత్రి, 1961లో పందొమ్మిదేళ్ల డిలన్ చూడ్డానికి రావడం. చాలా సినిమాలు డిలన్ దగ్గర మురిసిపోయి, 1967లో మరణం దాకా ఒక్క దూకు దూకుతాయి.

వుడీ గత్రీ సెంటర్ 2013లో తెరిచారు, డిలన్ సెంటర్ దాని పక్కనే. వారమంతా తెరిచి ఉండవు, వేళలు చూసుకుని బయల్దేరండి. ఆయన పాట ‘దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్’ చేతిరాత ప్రతి దగ్గర తీరిగ్గా నిలబడండి: ప్రతి చరణం చివర మొదట రాసుకున్న వాక్యం వేరు, ఇప్పుడు అందరూ పాడేది వేరు. కొట్టివేత కనబడుతుంది. 1935 ఏప్రిల్ 14 దుమ్ము తుపానును వీఆర్ కళ్లద్దాల్లో చూపిస్తారు. తల తిరిగే స్వభావం ఉన్నవాళ్లు వదిలేయొచ్చు, నష్టమేమీ లేదు. గత్రీకి రెండు గంటలు, డిలన్‌కి అంతకంటే ఎక్కువ పడుతుంది. రెండూ ఒకే పూట పెట్టుకుంటే రెండోది చూసినట్టూ ఉండదు, చూడనట్టూ ఉండదు. మిగిలిన పూట గ్రీన్‌వుడ్ రైజింగ్‌కి ఇవ్వండి. 1921లో టల్సా నల్లజాతివాళ్ల పేట మీద తెల్లవాళ్ల మూక జరిపిన మారణకాండ చరిత్ర అక్కడ ఉంది, నడిచి వెళ్లే దూరమే.

బసకు డౌన్‌టౌనే నయం. 1925 నాటి మేయో హోటల్‌లో దిగితే మ్యూజియాలకు నడిచిపోవచ్చు. పాత భవనం అందం కావాలనుకునేవాళ్లకు అది. మ్యూజియాల పక్కనే ఉండాలనుకుంటే ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ వైపు చూడండి, కాకపోతే రైలు పట్టాలు ఎటున్నాయో అడిగి రెండోవైపు గది తీసుకోండి. డౌన్‌టౌన్ హోటళ్లలో పార్కింగ్ సొమ్ము చాలాచోట్ల గది అద్దెలో కలవదు. ఖర్చు తగ్గాలంటే హైవే పక్క మోటెళ్లున్నాయి, అప్పుడు ప్రతిదానికీ కారు తీయాలి.

ఓకీమాకు హెన్రియెట్టా దగ్గర ఐ-40 ఎక్కి పడమరకు ఇరవై మైళ్లు, ఎగ్జిట్ 221. మూడు నీళ్ల ట్యాంకులు కనిపిస్తాయి: ఒకదాని మీద ‘హాట్’, ఒకదాని మీద ‘కోల్డ్’, మూడోదాని మీద ‘హోమ్ ఆఫ్ వుడీ గత్రీ’. ఆ మూడోది రాయడానికి ఊరివాళ్లు ఒప్పుకోవడమే పెద్ద గొడవ, కమ్యూనిస్టు పాటగాడికి గౌరవమేమిటని. బ్రాడ్‌వే వీధిలో విగ్రహం, క్రిస్టల్ థియేటర్ దగ్గరదగ్గరే. చిన్నప్పటి ఇల్లు కూల్చేశారు, పునాది రాళ్లు మిగిలాయి. గంటన్నర చాలు. 1998 నుంచి వుడీ పుట్టినరోజు జులై 14కు అటూ ఇటూగా ఇక్కడ జానపద ఉత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో ఎండ వంద ఫారన్‌హీట్‌కు చేరుతుంది, ఊళ్లో ఉన్న కొద్ది గదులూ ముందే నిండిపోతాయి. ఉత్సవానికి వెళ్లినా పడక టల్సాలో పెట్టుకుని రోజూ వచ్చిపోవడమే సుఖం. శాకాహారులు టల్సాలోనే తిండి కట్టించుకుని బయల్దేరండి, ఓకీమాలో దొరికేది చాలా తక్కువ.