పెళ్లి వీడియోకి ప్రాజెక్ట్ ఫైల్ కొంటున్నారా? బెంగళూరు తెలుగువాళ్లు జాగ్రత్త

మారతహళ్లి, కేఆర్ పురం వైపు పెళ్లి వీడియో తీయించుకున్న మనవాళ్లలో చాలామందికి ఈ స్టూడియో తెలిసే ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు, మన పెళ్లి తంతు తెలిసినవాళ్లు అని ఒకరు చెబితే ఇంకొకరు వెళ్తున్నారు. మేమూ అలాగే వెళ్లాం. ఫిర్యాదు పెట్టాను కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్లు చేసిన పని మాత్రం దాచకుండా రాస్తున్నాను. ఈ ముహూర్తాలకి ఇంకెన్ని ఇళ్లవాళ్లు ఇలా డబ్బు పోగొట్టుకుంటారో అని భయంగా ఉంది.

మా తమ్ముడి పెళ్లి. షూటింగ్ బాగానే చేశారు, అది కాదనను. కానీ వీడియో మొత్తం చూస్తే మా అవ్వ ఎక్కడా లేదు. హిందూపురం నుంచి మోకాళ్ల నొప్పులతో వచ్చింది, ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే మండపం మెట్లెక్కి అక్షింతలు వేసింది. అది వాళ్ల కెమెరాలకి కనబడలేదు. మా చిన్నమ్మ కొడుకు ఫోన్‌లో తీశాడు కాబట్టి బతికిపోయాం. వీడియోలో జీలకర్ర బెల్లం అయ్యాక, తలంబ్రాలకి ముందు, నీలం చొక్కా ఆయన ఒకాయన భోజనం ప్లేటు పట్టుకుని కెమెరాకి అడ్డంగా నడిచే షాట్ ఉంది. దాన్ని తీసి ఆ చోట అవ్వ క్లిప్ పెట్టండి అని అడిగాను. అంతకుమించి ఏమీ అడగలేదు.

"ఒక క్లిప్ కదిలిస్తే ట్రాన్సిషన్లన్నీ పోతాయక్కా, మొదటినుంచి కట్టుకురావాలి. పదిహేను వేలు అవుతుంది" అన్నాడు ఓనర్. ట్రాన్సిషన్లంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారేచోట వేసే ఎఫెక్టులు.

ఇది పచ్చి అబద్ధం. నేను పిల్లల పుట్టినరోజు వీడియోలు ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాను కాబట్టి తెలుసు. కొత్త క్లిప్‌ని పట్టుకుని, ఆల్ట్ కీ నొక్కి ఉంచి, మ్యాక్ అయితే ఆప్షన్ కీ, టైమ్‌లైన్‌లో, అంటే క్లిప్పులు వరసగా పేర్చే చోట, ఉన్న పాత క్లిప్ మీద వదిలితే చాలు. పాతది ఎంత నిడివి ఉందో కొత్తదీ అంతే నిడివిలో కూర్చుంటుంది. పాతదానికి వేసిన ఎఫెక్టులు, రెండు వైపులా ఉన్న ట్రాన్సిషన్లు ఉన్నచోటే ఉంటాయి. పక్క క్లిప్పులు ఒక్క ఫ్రేము కూడా జరగవు. రైట్ క్లిక్ చేస్తే 'రీప్లేస్ విత్ క్లిప్' అని మెనూలోనే ఉంటుంది. డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా రీప్లేస్ ఎడిట్ ఉంది, ఎఫ్11 మీటే. రోజూ ఇదే పని చేసేవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను.

చూసుకోవలసింది ఒకటుంది, అది నిజమే. సెకను పాటు ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ వచ్చే క్రాస్ డిజాల్వ్ ఉందనుకోండి. సెకనుకి 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది కట్‌కి అటూ ఇటూ పన్నెండు పదమూడు ఫ్రేముల మీద పరుచుకుంటుంది. ఆ అర సెకనుకి సరిపడా అదనపు ఫుటేజ్ కొత్త క్లిప్‌కి మొదట్లోనూ చివర్లోనూ ఉండాలి. దాన్నే హ్యాండిల్స్ అంటారు. లేకపోతే చివరి ఫ్రేమే మళ్లీ మళ్లీ వచ్చి మనిషి బిగుసుకుపోయినట్టు కనబడుతుంది, ట్రాన్సిషన్ పట్టీ మీద ఏటవాలు గీతలు వస్తాయి. ఫోన్ క్లిప్పులతో ఇంకో చిక్కు, ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. ప్రీమియర్‌లో కొన్నిసార్లు మాట ఒకచోట, పెదవి ఒకచోట పడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకుంటే సరిపోతుంది. మా అవ్వ క్లిప్ నేను అలా మార్చే ఉంచాను, ముందూ వెనకా కావలసినంత నిడివి కూడా ఉంది. అంటే వాళ్లు చేయవలసింది నిజంగా నిమిషం పని.

పదిహేను వేలు ఇవ్వను, ప్రాజెక్ట్ ఫైల్ ఇవ్వండి, నేనే మార్చుకుంటాను అన్నాను. ఏ క్లిప్ ఎక్కడ పెట్టారో అంతా ఉండే, తెరిచి మళ్లీ మార్చుకోగలిగే ఎడిటింగ్ ఫైల్ అది. ఎనిమిది వేలు అడిగాడు. 'అన్ని క్లిప్పులతో సహా ప్రాజెక్ట్ ఫైల్ ఇస్తాం' అని వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టాడు. యూపీఐలో కట్టాను. ఎస్పీ రోడ్‌లో కొత్త హార్డ్ డిస్క్ కొని తీసుకెళ్లి ఇచ్చాను.

ఇంటికొచ్చి తెరిస్తే టైమ్‌లైన్ చూడ్డానికి బాగానే ఉంది. ముక్కలు ముక్కలుగా వరసగా కట్స్ ఉన్నాయి. అవ్వ క్లిప్‌ని నీలం చొక్కా ఆయన షాట్ మీద వదిలి ప్లే చేశాను. జీలకర్ర బెల్లం పెట్టిన మా మరదలి చెయ్యి, ఆ చేతి మీద నీడలాగా నీలం చొక్కా తేలుతూ వచ్చి, ప్లేటు సగం కనబడి, టక్కున తెగి అవ్వ ముఖం వచ్చింది. ఆ తర్వాత తలంబ్రాలు మొదలయ్యేచోట మళ్లీ ఆ చొక్కానే, పళ్లెంలో బియ్యం మీద కరిగిపోతూ. మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అప్పుడు వాడిన ఫైళ్ల జాబితా ఉండే ప్రాజెక్ట్ ప్యానెల్ చూస్తే అర్థమైంది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫైల్, మాకు ముందే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫైనల్ వీడియో. దాన్నే టైమ్‌లైన్‌లో పడేసి షాట్ మారినచోటల్లా కోసి ప్రాజెక్ట్ ఫైల్ అని సేవ్ చేశారు. బ్లేడుతో కోశారో, షాట్ ఎక్కడ మారుతుందో సాఫ్ట్‌వేరే పట్టుకుని కోసే సీన్ ఎడిట్ డిటెక్షన్ వాడారో తెలియదు. ఆ సదుపాయం ప్రీమియర్‌లో 2020 నుంచి ఉంది. ఏదైనా ఒకటే. ట్రాన్సిషన్లన్నీ బొమ్మలోనే కలిసిపోయి ఉన్నాయి. ఒక షాట్ తీసినా దాని నీడ పక్క షాట్‌లో ఉండిపోతుంది. పాట, సన్నాయి, పంతులుగారి మంత్రం అన్నీ కలిసి ఒకే ఆడియో, అందులోంచి ఏదైనా శుభ్రంగా విడదీయడం కష్టం.

ల్యాప్‌టాప్ పట్టుకుని స్టూడియోకి వెళ్లాను. నేను వెళ్లేసరికి లోపల కుర్రాడు మా తమ్ముడి పెళ్లే తెరిచి పెట్టుకుని ఉన్నాడు, ఇన్‌స్టాగ్రామ్‌కి రీల్ చేస్తున్నాడట. ఆ స్క్రీన్ మీద ఉంది అసలు ప్రాజెక్ట్! ఎడమవైపు బిన్‌లో, అంటే క్లిప్పులు పెట్టుకునే ఫోల్డర్‌లో, కెమెరా ఫైళ్లు సి0001, సి0002 అని వరసగా, టైమ్‌లైన్‌లో కట్ కట్‌కీ ట్రాన్సిషన్ పట్టీలు, కింద పాటకి ఒక ట్రాక్, మంత్రాలకి ఒక ట్రాక్. నేను డబ్బు కట్టింది దానికి. "ఇదే కదా నేను అడిగింది" అని వేలు పెట్టి చూపించాను. ఓనర్ మాట్లాడకుండా వచ్చి మానిటర్ స్విచ్ నొక్కేశాడు.

తర్వాత అన్నాడు, "ప్రాజెక్ట్ ఫైల్ అడిగారు, ఇచ్చాం. తెరుచుకుంటోంది కదా మేడం." డబ్బు కట్టేదాకా అక్కా అన్న మనిషి. అందులో క్లిప్పులు లేవు, ఒక్క ఫైనల్ వీడియోనే ఉంది అంటే, "అవన్నీ ఇస్తే మా వర్క్ స్టైల్ బయటికి పోతుంది, రైట్స్ మావి" అన్నాడు. సరే, మీరే ఆ ఒక్క క్లిప్ మార్చి ఇవ్వండి, ఎనిమిది వేలు ఎలాగూ తీసుకున్నారు అన్నాను. దానికి అతను అన్న మాట రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. "ముసలావిడ రెండు సెకన్లు కనబడకపోతే పెళ్లి ఆగిపోయిందా మేడం?"

అందరి ముందూ అన్నాడు. పక్కన ఇంకో పెళ్లివాళ్లు ఆల్బమ్ డిజైన్ చూసుకుంటున్నారు, వాళ్లు కూడా తలెత్తి చూశారు. మా అవ్వ ఎత్తుకుని పెంచిన పిల్లాడి పెళ్లి అది. ఆవిడ అక్షింతలు వేయడానికి ఎంత కష్టపడి మెట్లెక్కిందో ఆ పిల్లాడికి పుట్టబోయే పిల్లలు చూడాలని మేం అనుకోవడం తప్పా? డబ్బు పోయినందుకు బాధ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. నిన్నటినుంచి అన్నం సహించడం లేదు.

రైట్స్ గురించి అతను చెప్పింది కూడా తప్పు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చదవండి. డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫొటో అయినా సినిమా అయినా, వేరే ఒప్పందం లేకపోతే, దానికి మొదటి హక్కుదారు డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే. చాలా స్టూడియోలు బుకింగ్ ఫారం వెనకాల చిన్న అక్షరాల్లో ఆ హక్కు తమకు రాయించుకుంటాయి, సంతకానికి ముందు అది చదవండి. రా ఫుటేజ్ (కెమెరాలో తీసిన అసలు వీడియోలు), ప్రాజెక్ట్ ఫైల్ మాత్రం వేరే విషయం. ఇస్తామని విడిగా రాయించుకోవాలి.

వాట్సాప్ మెసేజ్, యూపీఐ రసీదు, ఆ ప్రాజెక్ట్ స్క్రీన్‌షాట్లు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు.

ఇప్పుడు ఎవరైనా ప్రాజెక్ట్ ఫైల్ తీసుకుంటుంటే, వాళ్ల సిస్టమ్ మీదే తెరిపించి చూశాకే డబ్బు కట్టండి. బిన్‌లో కెమెరా ఫైళ్లు విడివిడిగా ఉన్నాయా, కట్ మీద ట్రాన్సిషన్ పట్టీ క్లిక్ చేస్తే సెలెక్ట్ అవుతోందా, పాట ట్రాక్ వేరుగా ఉందా, ఈ మూడూ చూస్తే తెలిసిపోతుంది. ప్రాజెక్ట్ ఫైల్ ఒక్కటే ఇస్తే అందులో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే దారి మాత్రమే ఉంటుంది, ఇంట్లో తెరిస్తే ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్' అని వస్తుంది. ప్రీమియర్ అయితే ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ మేనేజర్‌తో అన్నీ ఒకచోటికి కాపీ చేయించుకోండి, రిజాల్వ్ అయితే ప్రాజెక్ట్ ఆర్కైవ్ అడగండి. వాళ్ల ప్రీమియర్ వెర్షన్ ఏదో కూడా కనుక్కోండి, కొత్త వెర్షన్‌లో చేసినది పాతదాంట్లో తెరుచుకోదు.

ఇదే స్టూడియోకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లు పంపిస్తాను. మిగతా డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి.